ఆ కవి నిజంగా వెల్డరేనా?

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. ఈ వ్యాసంలో ఎవరి పేరూ ఉండదు. కవి పేరు లేదు, ఆయన గురించి పుస్తకం రాసిన మనిషి పేరు లేదు, దాన్ని అచ్చువేసిన సంస్థ పేరు లేదు. ఇందులో కొంత మర్యాద ఉంది, కొంత భయమూ ఉంది. పేరు రాస్తే దాన్ని సరిచూడాలి. సింగపూర్‌లో తెలుగు వాక్యాలను సరిచూసి జీతం తీసుకున్న మనిషిని, నాకు తెలిసినంతవరకు, నేనొక్కదాన్నే. నేను పదవీ విరమణ చేసి రెండేళ్ళయింది.

ఈ పనిలోకి ఇప్పుడిప్పుడే వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, మీ ఉద్యోగంలో మరచిపోలేని సందర్భం ఏది అని అడుగుతుంటారు. నేను పట్టుకున్న అబద్ధాల్లో అన్నిటికన్నా పెద్దది ఏదని వాళ్ళ ఉద్దేశం. నాకేమో నేనే సంతకం పెట్టి పంపబోయిన తప్పొకటి గుర్తుకు వస్తుంది. అది చెబితే వాళ్ళ ముఖాలు చిన్నబోతాయి. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడైతే మీ ముఖాలు నాకు కనిపించవు.

నేను చదివింది రసాయన శాస్త్రం. ఇరవై ఏళ్ళకు పైగా నీటి నమూనాలను పరీక్షించే ప్రయోగశాలలో పనిచేశాను. అక్కడ నేర్చుకున్న మొదటి పాఠం, నీళ్ళు తేటగా కనిపించినంత మాత్రాన వాటి గురించి మనకేమీ తెలిసినట్టు కాదని. ప్రయోగశాల మరో చోటికి తరలిపోయినప్పుడు ఒక చిన్న ప్రచురణ సంస్థలో నిజనిర్ధారణ ఉద్యోగంలో చేరాను. నమూనాల స్థానంలో వాక్యాలు వచ్చాయి, అంతే తేడా. పుస్తకంలోని ప్రతి వాస్తవానికీ ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మూలాలు చూపించాలన్నది అక్కడి నియమం. చూపిస్తే అంచున ఆకుపచ్చ సిరాతో టిక్కు పెట్టేదాన్ని. చూపించకపోతే ఎర్ర సిరాతో 'మూలం?' అని రాసేదాన్ని. నా ఎర్ర కలాలు ఎంత త్వరగా అయిపోయేవో ఆఫీసుకు సామాన్లు తెప్పించే ఉద్యోగినికి బాగా తెలుసు. ఇవాళ ఆదివారం అని తాను అన్నా నేను ఫోను తీసి చూసుకుంటానని మావారు ఇప్పటికీ బంధువులతో చెబుతుంటారు. అది అతిశయోక్తి. నేను చూసేది గోడ మీది క్యాలెండరు.

నేను చెప్పబోయే తప్పు జరిగిన సంవత్సరం మా సంస్థ ఒక కొత్త పుస్తకాల వరుస తలపెట్టింది. ఈ దేశంలో కష్టం చేసుకునే వలస కార్మికులు తమకు నచ్చిన ప్రపంచ కవి ఒకరిని ఎంచుకుని, ఆ కవి జీవితాన్నీ కవిత్వాన్నీ తమ సొంత భాషలో పరిచయం చేయాలి. ఆలోచన మా సంపాదకురాలిది. ఇక్కడే పుంగ్గోల్‌లో పెరిగిన తెలుగు అమ్మాయి. నాయనమ్మ మాట్లాడే తెలుగు మొత్తం అర్థమవుతుంది, చదవడం మాత్రం రాదు. అందువల్ల తెలుగు పుస్తకం బాగోగులన్నీ నా నెత్తిన పెట్టి, "యూ చెక్, ఆంటీ. ఐ ట్రస్ట్ యూ, లా" అంది. నమ్మకం అనే మాట వింటే నాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. నమ్మకం అవసరం లేకుండా చేయడమే కదా నా ఉద్యోగం.

వచ్చిన తెలుగు రాతప్రతి ఒక్కటే. ఓడల మరమ్మతు యార్డులో పనిచేసే వెల్డరు రాశాడు. శ్రీకాకుళం జిల్లా మనిషి, నలభైకి దగ్గరపడ్డాడు. ఆదివారాలు కార్మికులకు ఉచితంగా ఇంగ్లీషు నేర్పే ఒక పంతులమ్మ ఇచ్చిన పాత కవితల పుస్తకం ఆయన చేతిలో పడింది. నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగేళ్ళు చదివాడు. తర్వాత ఐదు పొడుగు నోటు పుస్తకాల నిండా తెలుగులో రాశాడు. చేతిరాత ముత్యాల్లా ఉంది. విశేషణాలు మాత్రం వరద. మొదటి నోటుపుస్తకంలోనే ఆ కవిని తొమ్మిదిసార్లు అగ్నిపర్వతమన్నాడు. ఎనిమిది తీయించాను.

కవి గురించి కొంచెం చెప్పాలి. అమెరికా వాడు, తిరుగుబాటుదారుడు. తిరుగుబాటును చాలామంది ఆదర్శంగా పెట్టుకుంటారు. ఆయన దాన్ని దినచర్యగా పెట్టుకున్నాడు. కళాశాల పెద్ద చేసిన ఉపన్యాసాన్ని ఛందస్సులో బిగించి గోడపత్రికలో అంటించినందుకు చదువు మధ్యలోనే వెళ్ళగొట్టారు. యుద్ధానికి రానన్నందుకు జైలుకు వెళ్ళాడు. జైలు వంటింట్లో ఉల్లిపాయల సంచులు చింపి వాటి మీద కవితలు రాశాడు. బయటికి వచ్చాక రెండేళ్ళు ఓడలు కట్టే యార్డులో పనిచేసి, ఆ అనుభవంతో పెద్ద కవిత ఒకటి రాశాడు. ఆయనకు పేరు తెచ్చింది అదే. వయసు మళ్ళాక ఒక సాహిత్య సంఘం బహుమతిగా కొయ్య ఫలకం ఇస్తే, దాన్ని ఆరు నెలలు కూరగాయలు తరిగే పీటగా వాడుకుని తిప్పి పంపాడు.

ఇలాంటి మనిషి జీవితం నాలాంటి దాని చేతికి వస్తే ఏమవుతుందో మీరు ఊహించగలరు. జైలు సంగతికి కోర్టు కాగితమూ, అప్పటి వార్తాపత్రికా దొరికాయి. ఆకుపచ్చ టిక్కు. ఉల్లిపాయల సంచులు ఒక గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. టిక్కు. ఫలకం దగ్గర ఆగిపోయాను. దాని మీద కత్తిగాట్లు ఉన్నాయని ఆ సంఘం వాళ్ళు నా ఉత్తరానికి జవాబిచ్చారు. గాట్లు ఉన్నాయి, సరే. అవి కూరగాయలు తరిగితే పడినవేనని ఎవరు చూశారు? వాక్యం చివర 'అంటారు' అని చేర్చమన్నాను.

అప్పుడు రచయిత అన్న మాట మా ఆఫీసులో చాలా కాలం చలామణీ అయింది. "మేడమ్, మీరు ఒప్పుకోవాలంటే ఉల్లిపాయే ఒచ్చి సాచ్చెం సెప్పాలేటండి?"

మేము కలుసుకునేది ఆదివారాలు మధ్యాహ్నం, చోవా చూ కాంగ్‌లో మా బ్లాకు కింద ఉన్న కాఫీ షాపులో. ఆయన డార్మిటరీ నుంచి బస్సులో వచ్చేవాడు. నేను కిందికి దిగేసరికి ఫ్యాను కింద బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి చోటు పట్టి, ఇక్కడి మాటలో చోప్ చేసి, నోటు పుస్తకాలు వరసగా పరిచి ఉంచేవాడు. నేను ఎర్ర కలం బయటికి తీయగానే లేచి వెళ్ళి ఇద్దరికీ టీ తెచ్చేవాడు. ఆపరేషను ముందు మత్తుమందు లాంటిదిట అది. ఎవరికో ఆయన చెప్పలేదు.

నాలుగు నోటు పుస్తకాలు సాఫీగానే సాగాయి. చిక్కంతా ఐదోదానిలో ఉంది.

కవి యార్డు ఉద్యోగం గురించి నేను చూసిన జీవితచరిత్రలు మూడు. మూడింటిలోనూ ఆయన వెల్డరు. పుస్తకం చివర వచ్చే జీవితరేఖల పట్టిక నేనే తయారు చేశాను కనుక, అందులో 'వెల్డరు' అని రాసి, రెండు మూలాలు చాలినచోట మూడు దొరికాయన్న తృప్తితో టిక్కు పెట్టాను. మా రచయిత ఐదో నోటు పుస్తకం మొదటి వాక్యంలోనే ఆ మాట కాదన్నాడు. ఈయన వెల్డరు కాడు, ఫైర్ వాచ్‌మన్ అని రాశాడు. అంటే వెల్డింగ్ జరిగేచోట పక్కన నిలబడి, నిప్పురవ్వలు ఎక్కడెక్కడ పడుతున్నాయో చూస్తూ, ఏదైనా అంటుకుంటే ఆర్పే మనిషి. మూలం చూపలేదు. ఆ నోటు పుస్తకంలో ఉన్న ఐదో అధ్యాయమంతా ఆ ఒక్క వాక్యం మీదే నిలబడి ఉంది. నేను దాని కింద రెండు ఎర్ర గీతలు గీశాను. సాధారణంగా ఒకటే గీస్తాను.

తర్వాతి ఆదివారం ఆయన జేబులోంచి నల్లటి అద్దం ముక్క ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. అరచేతిలో ఇమిడేంత ఉంది. వెల్డర్లు ముఖానికి పెట్టుకునే తొడుగులో బిగించే అద్దం అది. దానిలోంచి సూర్యుణ్ణి చూడమన్నాడు. షాపు అంచుదాకా వెళ్ళి చూశాను. నడినెత్తిన మండుతున్న సూర్యుడు చిన్న ఆకుపచ్చ బొట్టులా ఉన్నాడు. లోపలికి తిరిగి చూడమన్నాడు. కారు చీకటి.

"నాను కనిపిస్తన్నానా మేడమ్?"

"లేదు."

"బల్ల?"

"లేదు."

"మరి ఆ కవికి పక్కోడి ముఖం మీద నీలం ఎలుగు ఎలగ కనిపించిందండి? గోడ మీద నీడలు గెంతినట్టు ఎలగ కనిపించింది?"

కవితలో అవి రెండూ ఉన్నాయి. ఒప్పుకున్నాను. కానీ అంత సులభంగా లొంగే మనిషిని కాదు. తన పని ఆపి, మరొకరు వెల్డింగ్ చేస్తుంటే చూసి ఉండవచ్చు, లేదా ఊహించి ఉండవచ్చు, కవులకు ఆ అలవాటు ఉంది అన్నాను. ఆయన తల ఊపి, నేను అడుగుతానని ముందే తెలిసినట్టు నోటు పుస్తకం తిప్పాడు. కవిత పొడుగునా రవ్వలు ఎక్కడ పడ్డాయో లెక్క ఉంది. కింది అంతస్తులో తాడు చుట్ట మీద ఒకటి, తడిపిన గోనె మీద ఒకటి, ఎవరో మరచిపోయిన చేతితొడుగు మీద ఒకటి.

"రవ్వ ఎక్కడ పడతాదో వెల్డరుకి తెల్దు మేడమ్. ఆడి కళ్ళు అతుకు మీద ఉంటాయి. రవ్వ ఎనకాల తిరిగీది ఫైర్ వాచే."

కవిత చివరి భాగం సంగతి అడిగాను. అక్కడ వెల్డింగ్ ఆగిపోతుంది, అందరూ వెళ్ళిపోతారు, కవి ఒక్కడే చల్లారుతున్న ఇనుప పలకల ఎదుట అరగంట మౌనంగా కూర్చుంటాడు. జీవితచరిత్రకారులు ముగ్గురూ ఆ ఘట్టం దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఒకరు దాన్ని ఆధునిక మానవుడి ఏకాంతమన్నారు. ఒకరు ధ్యానమన్నారు. మా రచయిత దాన్ని డ్యూటీ అన్నాడు. వెల్డింగ్ ఆగాక కూడా ఎక్కడో ఒక రవ్వ రాజుకోవచ్చు కనుక ఫైర్ వాచ్‌మన్ మరో అరగంట అక్కడే ఉండి చూడాలట. అది నియమం.

"వెల్డరెవడూ ఆ టైముకి అక్కడ కూకోడండి. కేంటీన్ లైన్లో ముందుంటాడు."

ఇదంతా మీకెలా తెలుసు అని అడిగాను. చెంచాతో టీ కలుపుతూ ఉండిపోయాడు. ఆయన టీలో చక్కెర వేసుకోడు. కలపడానికి అందులో ఏమీ లేదు.

తర్వాత చెప్పాడు. ఈ దేశం వచ్చిన మొదటి రెండేళ్ళు ఆయన చేసింది ఫైర్ వాచ్‌మన్ పనే. వెల్డరు పనికని బయలుదేరాడు, ఇక్కడికి వచ్చాక పరీక్ష తప్పాడు. ఇంటికి మాత్రం వెల్డరునయ్యానని ఫోను చేశాడు. అప్పటికే ఆయన మామగారు, తెలుగు పంతులుగా పనిచేసి విరమించిన మనిషి, తమ అల్లుడు సింగపూర్‌లో ఓడలు అతుకుతున్నాడని వీధంతా చెప్పేశారు. రెండేళ్ళ తర్వాత ఈయన మళ్ళీ పరీక్ష రాసి నిజంగానే వెల్డరయ్యాడు. అబద్ధం దానంతట అది నిజమైపోయింది కనుక ఇక చెప్పవలసిన అవసరం రాలేదు. చెప్పలేదు.

"ఆ కవి ముసలితనంలో ఎవరో పత్రికోళ్ళు అడిగితే వెల్డరునన్నాడు కదండి. ఆ ముక్క సదివేరా? ఒక్క మాటనీసి గబగబా ఇంకో సంగతిలోకి ఎల్లిపోతాడు. నానూ అలగే దాటేసీవోణ్ణి. దాటేసీవోడు దాటేసీవోణ్ణి పట్టీగలడు."

ఇది ఎంత విలువైన మాటో ఇప్పుడు తెలుసు. ఆ రోజు నేను ఆఫీసు గొంతుతో, మీ మనసుకు తెలిసింది మూలం కాదండీ అన్నాను. ఒక మనిషి పదేళ్ళుగా దాచుకున్నది నా ముందు బల్ల మీద పెడితే, దాన్ని ఏ పత్రిక, ఏ సంచిక అని అడిగినట్టయింది. ఆయన కోప్పడలేదు. నోటు పుస్తకాలు మూసి సంచిలో సర్దుకున్నాడు. ఐదో అధ్యాయం తీసేయాల్సి వస్తే పుస్తకమే వద్దని, తన పేరు తీసేయమని చెప్పి బస్సెక్కాడు. అప్పటికి ఆయన యార్డు ఒప్పందం ముగియడానికి మూడు వారాలు ఉన్నాయి. పర్మిట్ పొడిగించడం లేదని యార్డువాళ్ళు చెప్పేశారు. ఇక్కడ ఉండగా పుస్తకం అచ్చు కాకపోతే తర్వాత అవుతుందన్న ఆశ ఆయనకు లేదు. నిజం చెప్పాలంటే నాకూ లేదు.

సోమవారం ఉదయం ఆఫీసుకు వెళ్ళగానే, ఆయన తప్పని నిరూపించుకోవడానికి మూడు జీవితచరిత్రలూ ముందు వేసుకున్నాను. ఈసారి వాక్యాలు కాక, వాటి చివరి సూచికలు చదివాను. మూడో పుస్తకం 'వెల్డరు' అన్న మాటకు రెండో పుస్తకాన్ని చూపింది. రెండోది మొదటిదాన్ని చూపింది. మొదటిది ముసలితనంలో కవి ఇచ్చిన పత్రికా సంభాషణను చూపింది. అంటే ఆ గబగబా దాటేసిన ఒక్క మాటే. నా మూడు మూలాలకూ నోరు ఒకటే, అది కవిగారిదే.

ప్రయోగశాలలో ఉండగా, ఒకే సీసాలోంచి మూడుసార్లు నీళ్ళు తీసి మూడు బావుల ఫలితాలుగా నమోదు చేసిన ఒక అమ్మాయి చేత ఆ రోజు పనంతా పారబోయించాను. అందరి ముందూ గంటసేపు ఉపన్యసించాను కూడా. ఆ అమ్మాయి ఇప్పుడు ఒక పెద్ద ప్రయోగశాలకు అధిపతి. ఈ వ్యాసం ఆమెకు పంపే ధైర్యం నాకు లేదు. మీలో ఎవరికైనా ఆమె తెలిసి ఉంటే దయచేసి మీరూ పంపకండి.

'వెల్డరు' పక్కన ఉన్న ఆకుపచ్చ టిక్కు కొట్టేశాను. అయితే పిల్లలు ఇక్కడ ఒకటి గమనించాలి. వెల్డరనడానికి ఆధారం లేదని తేలినంత మాత్రాన ఫైర్ వాచ్‌మన్ అని తేలినట్టు కాదు. కవి కాగితాలు భద్రపరిచిన అమెరికా గ్రంథాలయానికి, మా రచయిత వాదనంతా వివరిస్తూ, యార్డు హాజరు పుస్తకాలు ఏవైనా ఉన్నాయా అని ఉత్తరం రాశాను. పెట్టెలు సర్దుతున్నామని, జవాబుకు కొన్ని నెలలు పడుతుందని గ్రంథాలయాధికారిణి రాసింది. నా చేతిలో ఉన్నవి వారాలు.

సంపాదకురాలికి సంగతి చెప్పాను. ఆ అమ్మాయి రెండు నిమిషాలు ఆలోచించింది. "ఆంటీ, 'షిప్‌యార్డ్‌లో పని చేశాడు' అని రాసేద్దాం, కెన్? సేఫ్, లా." శాస్త్రీయంగా ఆ మాటకు వంక పెట్టడానికి లేదు. యార్డులో పనిచేశాడన్నది నిర్వివాదం. నాకు హాయిగా అనిపించింది కూడా. హాయిగా అనిపించినప్పుడే అనుమానించాలని ప్రయోగశాలలో ఎన్నిసార్లు చెప్పి ఉంటాను. ఫోనులో విన్న రచయిత మాత్రం ఒప్పుకోలేదు. ఆ కవితంతా పక్కన నిలబడ్డవాడి కవిత అని, పని చేస్తున్నవాడి కన్నా పక్కనున్నవాడు ఎక్కువ చూస్తాడన్నదే దాని సారమని, ఆ సంగతి చెప్పకపోతే తన పుస్తకంలో కొత్తదేముందని అడిగాడు. "ఉల్లిపాయలేనా?" అన్నాడు.

ఆ మాటకు నవ్వాను. ఫోను పెట్టేశాక ఆలోచన మొదలైంది. తర్వాతి రెండు రోజులూ ఐదో అధ్యాయం ఏడెనిమిదిసార్లు చదివాను. అందులో కవి ఏ పని చేశాడన్న వాక్యానికి మూలం లేదు, నిజమే. కానీ ఆ అధ్యాయంలో సరిచూడగల వాస్తవం మరొకటి ఉండవలసింది, లేదు. ఈ కవితను ఇలా చదువుతున్న మనిషి ఎవరు? అది తెలిస్తే వాక్యాన్ని మరో విధంగా నిలబెట్టవచ్చు. నేను రెండేళ్ళు నిప్పురవ్వల పక్కన నిలబడ్డాను, ఈ కవితలో నిలబడ్డ చోటు నాకు తెలిసిన చోటు, కనుక కవి వెల్డరు కాడని నేను అనుకుంటున్నాను, అని రాయవచ్చు. అది కవి గురించి నిర్ధారణ కాదు, తెలిసిన మనిషి ఇచ్చే సాక్ష్యం. సాక్ష్యాన్ని నేను సరిచూడగలను.

తర్వాతి ఆదివారం, మేము కలుసుకున్న చివరి ఆదివారం, అదే బల్ల దగ్గర ఈ మాట చెప్పాను. విన్నంతసేపూ ముఖం వెలిగిపోయింది. చివరికి వచ్చేసరికి ఆరిపోయింది. సాక్షి ఎవరో అచ్చులో పడాలి కదా. ఆ పుస్తకం ప్రతులు ఇంటికి వెళతాయి. భార్య చదువుతుంది. మామగారు అచ్చులో ఉన్నది ఏదైనా అక్షరం వదలకుండా చదివే మనిషి. అమెరికా కవి దాచింది బయట పెట్టాలంటే ముందు తాను దాచింది బయట పెట్టాలి. చాలాసేపటికి సరేనన్నాడు.

ఇక్కడ నా గురించి ఒక నిజం ఒప్పుకోవాలి. ఆయన సరేననగానే, ఫైర్ వాచ్‌మన్‌గా పనిచేసినట్టు ఆధారం ఏమైనా ఉందా అని అడిగాను.

"తప్పు ఒప్పుకున్నోడిక్కూడా రుజువు కావాలేటండి?" అని, ఆపుకోలేక నవ్వాడు. పక్క బల్ల మీద నూడిల్స్ తింటున్న ముసలాయన కూడా మా వైపు తిరిగి చూశాడు. నవ్వుతూనే ఫోను వెనక తొడుగు ఊడదీసి, అందులోంచి పాత శిక్షణ కార్డు ఒకటి తీశాడు. ప్లాస్టిక్ అంచులు లేచిపోయాయి. ఫోటోలో బక్కపలచని కుర్రతనం. కింద, చేసే పని దగ్గర, ఫైర్ వాచ్‌మన్ అని ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది. ఇన్నేళ్ళు ఎందుకు దాచారని అడిగితే, పారేయడానికి చేతులు రాలేదన్నాడు. ఫోటో తీసుకున్నాను. యార్డులో అప్పటి నుంచి తెలిసిన తోటి కార్మికుడు ఒకరి మాట కూడా తర్వాత ఫోనులో తీసుకున్నాను. రెండు మూలాలు, ఒకదానితో ఒకటి సంబంధం లేనివి. ఈసారి సీసాలు వేరువేరుగా ఉన్నాయో లేదో చూసుకున్నాను.

అధ్యాయాన్ని అలా అచ్చువేయడానికి అనుమతిస్తూ సంతకం పెట్టాల్సిన కాగితం ముందు పెట్టాను. కలం పట్టుకుని, ముందు ఇంటికి చెప్పాలన్నాడు. అచ్చులో చూసి తెలుసుకోవడం భార్యకు బాగుండదట. లేచి ఉత్తరాల పెట్టెల వరస దగ్గరికి వెళ్ళి ఫోను చేశాడు. మా మధ్య దూరం వల్ల నాకేమీ వినిపించలేదు. ఆయన ఒక చేత్తో ఎవరిదో పెట్టె తలుపు గోకుతూ నిలబడ్డాడు. మొదట ఆయనే మాట్లాడాడు. తర్వాత చాలాసేపు వింటూ ఉండిపోయాడు. ఆయన టీ మీద మీగడ కట్టింది. పొరపాటు చేశానేమో, ఒక కవితకు వివరణ కోసం ఒక ఇంట్లో చిచ్చు పెట్టానేమోనని నాకు అనిపించింది. ఆ కాసేపూ నా రెండు మూలాల నియమం నాకే చిన్నదిగా కనిపించింది.

తిరిగి వచ్చి కూర్చున్నాడు. ఏమన్నారని అడిగాను.

"తిట్టిందండి."

"అబద్ధం చెప్పినందుకా?"

"దానికి కాదండి. వెల్డింగ్ ఎలుగుకి కళ్ళు పోతాయని ఎవులో సెప్పేరట. నా కళ్ళు సల్లగుండాలని ఆ రెండేళ్ళూ మంగళారం మంగళారం ఉపాసమున్నాదట. నువ్వు పక్కన నిలబడి సూస్తన్నావని సెప్పుంటే నాను అన్నం తినీదాన్ని కదా, ఆ అన్నాలన్నీ ఒచ్చి పెట్టు అంటాది."

"మరి మామగారికి?"

"నువ్వే సదివి వినిపించు, నాను సెప్పను అన్నాది."

సంతకం పెట్టాడు. చేతిరాత ఎప్పటిలాగే ముత్యాల్లా ఉంది.

పుస్తకం ఆయన విమానానికి రెండు రోజుల ముందు అచ్చయి వచ్చింది. జీవితరేఖల పట్టికలో 'వెల్డరు' తీసి, 'ఓడల యార్డులో ఉద్యోగం. ఏ పని అన్నది నిర్ధారణ కాలేదు, ఐదో అధ్యాయం చూడండి' అని రాశాను. రాతప్రతిలో ఐదో అధ్యాయం అంచున నా టిక్కు ఉంది. అది కవిగారికి కాదు, ఆయన్ని చదివిన మనిషికి. సంపాదకురాలు ఆ అధ్యాయాన్ని నాయనమ్మ చేత చదివించుకుని విందట. మర్నాడు నా బల్ల దగ్గరికి వచ్చి, "ఆంటీ, సో గుడ్, లా. నానమ్మ క్రైయింగ్" అని చెప్పి వెళ్ళింది. నానమ్మ ఏడ్చిన సంగతి నేను సరిచూడలేదు.

ఇంటికి వెళ్ళాక మామగారికి తానే చదివి వినిపించానని ఆయన ఫోనులో చెప్పాడు. పెద్దాయన మొత్తం విని, పుస్తకం తన చేతికి తీసుకుని, మర్నాటికి మళ్ళీ మొదటి నుంచి చదివి, రెండు అచ్చుతప్పులు పట్టుకున్నారట. అల్లుడి ఉద్యోగం గురించి ఒక్క మాట కూడా అనలేదట. అచ్చుతప్పులు రెండూ నిజమే. పేజీలు తీసి చూశాను.

గ్రంథాలయాధికారిణి ఉత్తరం మరి కొన్ని నెలలకు వచ్చింది. ఆ రెండేళ్ళ హాజరు పుస్తకాలున్న పెట్టె ఎప్పుడో నీళ్ళలో తడిసిందట, ఒక్క పేరు కూడా చదవడానికి వీలులేదట. కవి వెల్డరో ఫైర్ వాచ్‌మనో ఇక ఎవరూ తేల్చలేరు. ఈ వాక్యం రాయడం నాకు ఇప్పటికీ కష్టంగా ఉంది. కానీ ఉత్తరం అక్కడితో ఆగలేదు. ఇన్నేళ్ళలో ఆ కవితను ఇలా చదివినవారు తమకు తారసపడలేదని, తెలుగు పుస్తకం ఒక ప్రతి కవి కాగితాలతో పాటు దాచుకుంటామని రాసింది. వివరాల పత్రం ఒకటి జతచేసింది. అందులో రచయిత పేరు, భాష, వృత్తి నింపి పంపాలి.

పేరూ భాషా నేనే నింపాను. వృత్తి దగ్గర ఆగి ఆయనకు ఫోను చేశాను. ఇప్పుడు విశాఖ వైపు ఒక యార్డులో వెల్డరుగా ఉన్నాడు. వెనక ఇనుము కోస్తున్న చప్పుడు వినిపిస్తోంది. సంగతి చెప్పి, ఏమని రాయమంటారని అడిగాను. చప్పుడుకు దూరంగా నడిచినట్టున్నాడు, అడుగులు వినిపించాయి.

"ముందు ఫైర్ వాచ్‌మన్ అని రాయండి. తరవాత వెల్డరు. వరస మార్చకండి మేడమ్."

అలాగే రాశాను.